కొత్త సర్వర్ కొనే ముందు పాత క్వెరీలు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా వైపు ఒక గ్రంథాలయంలో కొన్నాళ్లుగా కౌంటర్ దగ్గర ఒకటే మాట వినిపిస్తోంది. "సిస్టమ్ స్లోగా ఉంది, కొత్త సర్వర్ వస్తే గానీ బాగుపడదు" అని. కొత్త సర్వర్ కోసం అర్జీలు కూడా వెళ్తున్నాయట. నేను డేటాబేస్‌ల పని చేసి బతికేవాణ్ని, ఆ గ్రంథాలయంలో సభ్యుణ్ని, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. సర్వర్ కొనొద్దని అనడం లేదు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు, ఆ పని చేయకుండా ఎంత పెద్ద మిషన్ తెచ్చినా ఆరు నెలల్లో మళ్లీ ఇదే మాట వింటాం.

ముందు అక్కడి సిబ్బంది గురించి చెప్పాలి, ఎందుకంటే తిట్లన్నీ వాళ్లకే పడుతున్నాయి. మాది ఒడిశా అయినా ఇటు ఆంధ్రలోని మెళియాపుట్టి, పాతపట్నం వైపు నుంచి కూడా పిల్లలు వచ్చి చదువుకుంటారు, పోటీ పరీక్షల నోటిఫికేషన్ పడితే ఇక కుర్చీ దొరకదు. కౌంటర్‌లో ఉండే మేడం ఒడియా వాళ్లతో ఒడియాలో, మనవాళ్లతో తెలుగులో మాట్లాడుతూ ఒక చేత్తో స్కానర్, ఇంకో చేత్తో రిజిస్టర్ పట్టుకుని పని చేస్తారు. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చిన మనిషి ముందు స్క్రీన్ మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక లైన్ పెరుగుతుంది. జనం విసుక్కుంటారు. ఆవిడ ఒకరోజు నన్ను పిలిచి, "ఏటి బాబూ, నువ్వు కంప్యూటర్ పనే కదా చేస్తావు, ఇదెందుకు ఇలా తిరుగుతానే ఉంటది, నా వల్లేమైనా తప్పు జరుగుతోందా?" అని అడిగారు. ఆవిడ తప్పు ఏమీ లేదు. ఈ మాట పేపర్లో అచ్చవ్వాలనే రాస్తున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఎవరి చేతో రాయించుకున్నది, కింద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంది. అనుమతి తీసుకుని స్లో క్వెరీ లాగ్ ఆన్ చేయించి చూశాం. ఇది ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: డేటాబేస్‌ని మనం అడిగే ప్రతి ప్రశ్ననీ క్వెరీ అంటారు, ఎక్కువ సేపు తీసుకున్న క్వెరీలని ఈ లాగ్ ఒక ఫైల్లో రాసిపెడుతుంది. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా పది సెకన్లు దాటినవే రాస్తుంది, ఎందుకంటే లాంగ్ క్వెరీ టైమ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 10 ఉంటుంది. కౌంటర్‌లో ఎనిమిది సెకన్లు ఆగడం ఎంత కష్టమో అక్కడ నిలబడినవాళ్లకి తెలుసు, కానీ లాగ్‌కి అది కనపడదు, ఫైల్ ఖాళీగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. దాన్ని 1కి తగ్గించాలి. తగ్గించాక ఆ ఫైల్లో ఏం వచ్చిందో చూడండి.

మొట్టమొదట కనపడింది రిటర్న్ క్వెరీ. పుస్తకం బార్‌కోడ్ స్కాన్ చేస్తే యాక్సెషన్ నంబర్ (గ్రంథాలయం ఒక్కో పుస్తకానికి ఇచ్చే నంబర్) వస్తుంది, ఆ నంబర్‌తో పుస్తకాల టేబుల్లో ఒక్క వరుస వెతకాలి. ఆ కాలమ్ మీద ఇండెక్స్, అంటే వరుస ఎక్కడుందో త్వరగా పట్టిచ్చే సూచిక కూడా ఉంది. అయినా ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. కారణం ఏమిటంటే, పాత రిజిస్టర్లలో రెండో భాగానికి 4512/ఎ లాంటి నంబర్లు ఇచ్చారు కాబట్టి ఆ కాలమ్‌ని అంకెల కాలమ్‌గా కాక అక్షరాల కాలమ్‌గా పెట్టారు, అది సరైన పనే. కానీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, స్కాన్ చేసింది అన్నీ అంకెలే అయితే దాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా ఉత్త సంఖ్యగా క్వెరీలో పెట్టేశారు. అక్షరాల కాలమ్‌ని సంఖ్యతో పోల్చమంటే మైఎస్‌క్యూఎల్ ఆ ఇండెక్స్‌ని వాడుకోలేదు. 4512 అన్నా, 04512 అన్నా, 4512/ఎ అన్నా సంఖ్యగా మారిస్తే అన్నీ 4512 అవుతాయి, అందుకని ప్రతి వరుసనీ తీసి సంఖ్యగా మార్చి పోల్చుకుంటూ పోవాల్సిందే. ఇంకో సంగతి కూడా దీంతోనే తేలిపోయింది. "ఒక పుస్తకం స్కాన్ చేస్తే ఒక్కోసారి రెండు పుస్తకాలు చూపిస్తోంది" అని మేడం ఎన్నాళ్ల నుంచో చెప్తున్నారు, స్కానర్ పాడైందేమో అని దాన్ని మార్చారు కూడా. స్కానర్‌కి ఏమీ కాలేదు. మొదటి భాగం స్కాన్ చేస్తే రెండో భాగం కూడా ఈ పోలికలో సరిపోతోంది, అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ విలువని అక్షరాలుగా పంపేలా ఒక్క చోట మార్చారు. ఇప్పుడు రిటర్న్ బటన్ నొక్కగానే అయిపోతోంది, రెండు పుస్తకాలు రావడం కూడా ఆగింది.

ఇలాంటివి కనిపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అనుమానం ఉన్న క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని ఒక మాట చేర్చి నడిపితే డేటాబేస్ తన ప్లాన్ ఏమిటో చెప్తుంది. టైప్ అనే గడిలో ఆల్ అని, కీ అనే గడిలో నల్ అని వస్తే టేబుల్ మొత్తం చదువుతోందని అర్థం. కౌంటర్‌లో రోజంతా నడిచే క్వెరీకి అలా వస్తే అక్కడే ఆగి చూడాలి.

ఇక వెతుకులాట. ఇది మా సరిహద్దు జిల్లాల సొంత బాధ, దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసినవారు, సవర భాష కోసం పాటుపడినవారు, ఆయన పుస్తకాలు ఉన్నాయా అని అడిగేవాళ్లు ఇక్కడ తరచూ వస్తారు. క్యాటలాగ్‌లో ఆయన పేరు ఒకచోట గిడుగు రామమూర్తి, ఒకచోట గిడుగు వెంకట రామమూర్తి, ఇంకోచోట రామమూర్తి తర్వాత కామా పెట్టి గిడుగు, మరోచోట జి.వి. రామమూర్తి అని ఇంగ్లీషు అక్షరాల్లో, కొన్ని ఎంట్రీలు ఒడియా లిపిలో. ఎంట్రీ చేసిన మనిషి ఏ భాషవాళ్లయితే ఆ లిపి. ఇన్ని రకాలుగా ఉన్నప్పుడు సిబ్బంది ఏం చేస్తారు? పేరు మొత్తం కొడితే దొరకదని తెలుసు కాబట్టి మధ్యలో ముక్క, మూర్తి అనో రామమూ అనో కొట్టి వెతుకుతారు. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కకి ముందొకటి వెనకొకటి పర్సెంట్ గుర్తు పెట్టి లైక్ క్వెరీ నడుపుతుంది, అంటే ఆ ముక్కకి ముందూ వెనకా ఏమున్నా పరవాలేదని.

ఆ ముందు పెట్టిన పర్సెంట్ గుర్తు దగ్గరే సమస్య. మామూలు ఇండెక్స్ పాత కార్డు క్యాటలాగ్ సొరుగుల లాంటిది, మొదటి అక్షరం తెలిస్తే ఏ సొరుగు లాగాలో తెలుస్తుంది. "మధ్యలో ఎక్కడో మూర్తి అని ఉంటుంది" అంటే అన్ని సొరుగుల్లో ఉన్న అన్ని కార్డులూ తిప్పాలి. గ్రంథాలయం పెరిగే కొద్దీ, దానంగా వచ్చిన పుస్తకాలు చేరే కొద్దీ ఈ వెతుకులాట అంతకంతకూ నెమ్మదిస్తుంది, ఎంత కొత్త సర్వర్ అయినా ఆ కార్డులన్నీ తిప్పాల్సిందే, కాకపోతే కొంచెం వేగంగా తిప్పుతుంది.

దీనికి దారులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లయితే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, అది మాటల్ని మూడేసి అక్షరాల ముక్కలుగా చేసి ఇండెక్స్ కడుతుంది కాబట్టి మధ్య ముక్కతో వెతికినా ఇండెక్స్ పనికొస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ఉంది. కానీ అది మాటల్ని విడదీసే పద్ధతి మన ఒత్తులతో, గుణింతాలతో ఎలా నడుస్తుందో మన పుస్తకాల పేర్ల మీదే పరీక్షించి పెట్టుకోవాలి, ఇంగ్లీషు పేర్లతో చూసి సరే అనుకోకూడదు. ఇంకా మంచిది, ఒక రచయిత పేరుకున్న రూపాలన్నిటినీ ఒకే గుర్తింపు నంబర్ కింద కట్టేసే అథారిటీ ఫైల్. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లో రాసుకునే మార్క్ పద్ధతిలో ఇతర లిపిలో ఉన్న రూపం కోసం 880 అనే ఫీల్డే ప్రత్యేకంగా ఉంది. అది సరిగ్గా నింపితే తెలుగులో కొట్టినా ఒడియాలో కొట్టినా అదే పుస్తకం వస్తుంది, మధ్య ముక్కలతో వెతకాల్సిన అవసరమే చాలా వరకూ పోతుంది. నా దృష్టిలో వేగం పెంచే పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇది చేయగలిగేది ప్రోగ్రామర్లు కాదు, సిబ్బందే. వాళ్లకి కావలసింది కొంచెం టైమ్, ఇంకో మనిషి సాయం.

దీంతో పాటే చూడాల్సిన చిన్న చిక్కులు కొన్ని తెలుగుకే సొంతం. సున్న కొట్టాల్సిన చోట కొందరు తెలుగు అంకె సున్నా కొట్టేస్తారు. చూడటానికి రెండూ గుండ్రమే, యూనికోడ్‌లో మాత్రం రెండూ వేరు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది, ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టి తెచ్చి అతికించిన ఎంట్రీలైతే అసలు తెలుగే కాదు, ఆ ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలు. దొరకని పేరుని సిబ్బంది రకరకాలుగా మార్చి మార్చి వెతుకుతారు, ప్రతిసారీ టేబుల్ మొత్తం చదవడమే. వెతకడానికని వేరే ఒక కాలమ్ పెట్టి, అందులో ఈ తేడాలన్నీ తీసేసిన రూపం దాచి, వెతికే మాటని కూడా అలాగే శుభ్రం చేసి పోలిస్తే సగం తలనొప్పి పోతుంది. అసలు పేరు కాలమ్‌ని మాత్రం ముట్టుకోకూడదు, పుస్తకం అట్ట మీద ఎలా ఉందో అలాగే ఉండాలి.

నెలాఖరు బకాయిల లిస్టు, అంటే గడువు దాటినా తిరిగిరాని పుస్తకాల లిస్టు గురించి క్లుప్తంగా. ఆ క్వెరీలో పుస్తకం ఇచ్చిన తేదీ మీద ఇయర్ అనే ఫంక్షన్ వేసి సంవత్సరంతో పోలుస్తున్నారు. కాలమ్ మీద ఫంక్షన్ వేస్తే ఆ కాలమ్ ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. దాని బదులు 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 ఏప్రిల్ 1 లోపు అని రెండు తేదీలతో రాస్తే ఇండెక్స్ వాడుకుంటుంది, ఆర్థిక సంవత్సరం లెక్క కూడా సరిగ్గా వస్తుంది. ఇంకొకటి, ఎప్పుడో తిరిగొచ్చేసిన పుస్తకాల లావాదేవీలు, ఇప్పుడు బయట ఉన్న పుస్తకాల లావాదేవీలు ఒకే టేబుల్లో ఉండటం. గ్రంథాలయాల కోసమే రాసిన కోహా సాఫ్ట్‌వేర్‌లో బయట ఉన్నవి ఒక టేబుల్లో, తిరిగొచ్చినవి ఇంకో టేబుల్లో ఉంటాయి. బయట ఉన్నవి ఎప్పుడూ కొన్నే కాబట్టి ఆ టేబుల్ చిన్నగానే ఉంటుంది, బకాయిల లిస్టు ఇట్టే వచ్చేస్తుంది.

ఆఫీసులో ఎవరో రిపోర్టు తీస్తుంటే కౌంటర్‌లో ఇష్యూ ఆగిపోవడం కూడా ఉంది, దీని వల్ల లోపలి గదివాళ్లకీ కౌంటర్‌వాళ్లకీ మాటా మాటా పెరుగుతోంది. ఆ టేబుళ్లు ఇంకా పాత మైఐసామ్ రకంలోనే ఉన్నాయి. అందులో రిపోర్టు చదువుతున్నంత సేపూ టేబుల్ మొత్తానికి తాళం పడుతుంది, ఉన్న ఎంట్రీని మార్చాలంటే అది అయ్యేదాకా ఆగాలి, కొత్తది రాయడం కూడా చాలాసార్లు ఆగుతుంది. ఇన్నోడీబీ రకంలో వరుస వరకే తాళం, మామూలుగా చదివేవాళ్లు రాసేవాళ్లని ఆపరు. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి డిఫాల్ట్ ఇన్నోడీబీయే, కానీ అంతకుముందు కట్టిన టేబుళ్లు వాటంతట అవి మారవు, మనమే మార్చాలి. బ్యాకప్ తీసుకుని, సెలవు రోజు చూసుకుని మార్చే పని.

కొండల వైపు శాఖలకి ఇంకో రకం కష్టం. గుణుపురం వైపైనా, ఆర్.ఉదయగిరి వైపైనా నెట్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సభ్యుల లిస్టు తెరిస్తే సాఫ్ట్‌వేర్ ముందు పేర్లు తెచ్చుకుని, తర్వాత ఒక్కో సభ్యుడి దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో ఒక్కో క్వెరీ విడిగా అడుగుతుంది. ఒక్కో క్వెరీ డేటాబేస్‌లో రెప్పపాటులో అయిపోవచ్చు, కానీ జిల్లా కేంద్రంలోని సర్వర్ దాకా వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు పడితే, 200 మంది సభ్యులకి పది సెకన్లు అక్కడే పోతాయి. ఇది స్లో క్వెరీ లాగ్‌లో కూడా పడదు, ఎందుకంటే విడివిడిగా చూస్తే ఏ క్వెరీ స్లో కాదు. రెండు టేబుళ్లనీ కలిపి ఒక్క క్వెరీలో తెచ్చుకుంటే సరిపోతుంది. ఇది తెలియకే శాఖల్లో కంప్యూటర్లు మార్చాలంటున్నారు.

ఇప్పుడు ఆ సర్వర్ మాట. ఉన్న సర్వర్‌లో మెమరీ 8 జీబీ ఉంది. టేబుళ్లని ఇన్నోడీబీకి మార్చాక, ఆ మెమరీలో ఇన్నోడీబీ తన డేటాని దాచుకోవడానికి వాడేది బఫర్ పూల్, అది ఎంత అని చూస్తే 128 ఎంబీ. అది డిఫాల్ట్ విలువ, ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. డేటాబేస్ ఒక్కదాని కోసమే పెట్టిన మిషన్ అయితే మెమరీలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని మైఎస్‌క్యూఎల్ వాళ్లే చెప్తారు, వేరే పనులు కూడా నడుస్తుంటే సగం ఇచ్చుకున్నా చాలు. రేపు 32 జీబీ ఉన్న సర్వర్ కొని దాంట్లోనూ అదే 128 ఎంబీ వదిలేస్తే ఆ డబ్బంతా ఎందుకు ఖర్చు పెట్టినట్టు? ఇది ప్రజల డబ్బు, ఆ డబ్బుతో తెలుగు పుస్తకాలు కొనొచ్చు, ఒడియా పుస్తకాలు కొనొచ్చు, సవర పిల్లలకి పనికొచ్చే పుస్తకాలు కొనొచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం మాత్రం మంచి ఖర్చే, దానికి నేను అడ్డు చెప్పను.

ఇండెక్స్‌లు పెట్టేస్తే అన్నీ అయిపోతాయని కనపడిన ప్రతి కాలమ్ మీదా పెట్టేవాళ్లూ ఉన్నారు. ప్రతి ఇండెక్స్‌నీ ప్రతి కొత్త ఎంట్రీతో పాటు సరిచేసుకోవాలి, అది కూడా పనే. సిబ్బంది రోజూ దేంతో వెతుకుతారో వాళ్లనే అడిగి, వాటికే పెట్టాలి. యాక్సెషన్ నంబర్, సభ్యత్వ నంబర్, రచయిత, గడువు తేదీ, ఇంతే వస్తాయి చాలా వరకూ.

అధికారులకి నా విన్నపం ఇది. సాఫ్ట్‌వేర్ నిర్వహణ కాంట్రాక్ట్‌లో "సిస్టమ్ బాగా పనిచేయాలి" అని రాస్తే ఎవరికీ పట్టదు. ఇష్యూ, రిటర్న్ రెండు సెకన్లలో అవ్వాలి, స్లో క్వెరీ లాగ్ నెల నెలా గ్రంథాలయానికి ఇవ్వాలి, తెలుగు, ఒడియా పేర్లతో పరీక్షించి చూపించాలి అని స్పష్టంగా రాయండి. ఆ షరతులు రాసేటప్పుడు కౌంటర్‌లో కూర్చునేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. కొత్త సాఫ్ట్‌వేరే కావాలనుకుంటే ఉచితంగా దొరికే కోహా ఉంది, న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ లైబ్రరీ ట్రస్టు కోసం 1999లో మొదలైంది, అందులో పుస్తకాల వెతుకులాటకి జీబ్రా లేదా ఎలాస్టిక్‌సెర్చ్ అనే విడి ఇంజిన్ ఉంటుంది కాబట్టి ఆ భారం డేటాబేస్ మీద పడదు. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కూడా ఉంది. కానీ దేనికి మారినా పైన చెప్పిన పేర్ల గందరగోళం మనతో పాటే వస్తుంది, దాన్ని ముందు సరిచేయాలి.

విశాఖలో, హైదరాబాద్‌లో, భువనేశ్వర్‌లో ఈ పని చేసే మా వైపు పిల్లలు చాలామందే ఉన్నారు. దసరాకో సంక్రాంతికో ఊరొచ్చినప్పుడు మీ ఊరి గ్రంథాలయానికి ఒక పూట వెళ్లండి. నడుస్తున్న డేటాబేస్ మీద చెయ్యి వేయకండి, అనుమతితో ఒక కాపీ తీసుకుని, అందులో సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏం చదివారన్న వివరాలు తీసేసి, దాని మీద ఎక్స్‌ప్లెయిన్ నడిపి చూడండి. దొరికింది ఒక కాగితం మీద రాసి లైబ్రేరియన్ గారి చేతికి ఇవ్వండి, పైవాళ్లకి పంపుకోవడానికి వాళ్లకి ఆ కాగితం కావాలి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
గజపతి జిల్లా, ఒడిశా